మాఫీ పుచ్చుకోని భూపాల్

మా మామ రామచందర్‌కు మొండితనంలో సరిజోడు ఎవరయ్యా అంటే భూపాల్ ఒక్కడే. అబిడ్స్ వెనక సందులో ఉన్న ఒక్క దుకాణాన్నే ప్లైవుడ్ చెక్కతో రెండు చేసుకున్నారు. ఇటు మామ సూట్‌కేసులకు జిప్పులు వేస్తాడు, అటు భూపాల్ గడియారాలు బాగుచేస్తాడు. ఇద్దరికీ కలిపి గోడకు ఒక ఫ్యాను. అది తిరగడం మానేసి ఏళ్లయింది. అయినా దాన్ని విప్పనివ్వరు. వాళ్లు మాట్లాడుకునేది దానితోనే కదా!

"ఫ్యానూ, చాయ్ వచ్చింది" అంటాడు మామ. ఫ్యాను వంకే చూస్తూ తనకు చక్కెర తక్కువేయమని అటునుంచి భూపాల్ చెబుతాడు. గిరాకీలు బిత్తరపోయి పైకి చూస్తారు. నాకైతే ఇద్దరి తలలూ ఆ చెక్కకేసి కొట్టాలనిపించేది.

దీనంతటికీ కారణం పప్పు. మామ కూతురు శ్రీనిధి పెళ్లి నాంపల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ప్రాణస్నేహితుడని భూపాల్‌ను మొదటి బంతిలో కూర్చోబెట్టారు. రెండు ముద్దలు తిని, పప్పులో ఉప్పే లేదని మగపెళ్లివారందరూ వినేలా అనేసి, విస్తరి ముందునుంచి లేచి వెళ్లిపోయాడు మహానుభావుడు. పిల్లనిచ్చే తండ్రికి అంతకన్నా తలవంపులు ఏముంటాయి? అప్పటినుంచి మామ అతని ముఖం చూసి మాట్లాడలేదు.

ఈ ఏడు దసరా మర్నాడే మామకు గుండె ఆపరేషన్ అన్నారు. పైకి అనడు గానీ, భయంతో జిప్పులు తిరగేసి కుట్టేస్తున్నాడు. విమలత్త చూసి చూసి, "గుండెల గింత కోపం పెట్టుకొని ఆపరేషన్‌కు పోతరా? బంగారమిచ్చి మాఫ్ చేసి రాండ్రి" అంది.

దసరా నాడు మేము జమ్మి ఆకునే బంగారం అంటాం. అది చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటే పాత కోపాలన్నీ పోయినట్టే లెక్క.

సాయంత్రం కొత్త చొక్కా వేసుకుని, నన్ను సాక్షిగా వెంటబెట్టుకుని, మామ గౌలిగూడలో భూపాల్ ఇంటికి వెళ్లాడు. ఇద్దరూ ఎదురుపడగానే అలవాటు చొప్పున పైకి చూశారు. అక్కడి ఫ్యాను గిర్రున తిరుగుతోంది. చివరికి మామే చూపు దించి, జమ్మి ఆకు చాచి, మాఫ్ చేశానన్నాడు.

భూపాల్ రెండు చేతులూ వీపు వెనక దాచేసుకున్నాడు.

"ఆపరేషన్ రేపేనా?"

"ఔ."

"అయితే నాకొద్దు. అన్నీ సాఫ్ చేసుకొని నిమ్మళంగ పోదామనుకుంటున్నవా? కోపం గట్లనే ఉండనియ్యి. మల్లొచ్చి ఇయ్యి."

మామకు ఒళ్లు మండిపోయింది. చేతిలో పెట్టబోతే భూపాల్ మంచం చుట్టూ పరుగెత్తాడు. జేబులో వేయబోతే చొక్కానే విప్పేశాడు. అరవై దాటిన ఇద్దరు మగవాళ్లు అలా మంచం చుట్టూ తిరుగుతుంటే, భూపాల్ భార్య జంగమ్మ ముందు చాయ్ ఇవ్వాలో, విడదీయాలో తెలియక కప్పులు పట్టుకుని నిలబడిపోయింది.

ఆటోలో దారి పొడుగునా మామ అతన్ని తిడుతూనే ఉన్నాడు. వచ్చాక వాడి సంగతి తేలుస్తానన్నాడు. మర్నాడు స్ట్రెచర్ మీద కూడా అదే మాట. భయపడటమే మరిచిపోయాడు. జమ్మి ఆకు విమలత్త కొంగున ముడేసుకుంది.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు వార్డుకు మార్చాక, మామ కళ్లు తెరిచేసరికి ఎదురుగా భూపాల్ చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు.

"ఏదిరా నా బంగారం?"

అత్త ముడి విప్పితే ఆకు పొడిపొడి అయిపోయి ఉంది. మామ ఆ పొడినే అతని అరచేతిలో పోశాడు. భూపాల్ పిడికిలి మూసి, వార్డు ఫ్యాను వైపు చూసి, మెల్లగా చూపు మామ ముఖం మీదికి దించాడు.

"ఆ దినం పప్పుల ఉప్పు మంచిగనే ఉండె. నీ సంబురం నేనే ఓర్వలేకపోయిన."

మామ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"నాకెరికేరా" అన్నాడు. "అందరు పోయినంక ఆ పప్పే తిన్న."