'తిరిగి' అనే మాటకు దగ్గరదారి

ఆ ఉదయం మైనస్ మేడమ్ కుర్చీలో కూర్చోకముందే, కంప్యూటర్ తెర పక్కన అతికించుకున్న చిన్న అద్దంలో తన కుడిచేతిని చూసుకుంది. మోచెయ్యి పైకెత్తి, అరచేతిని బయటివైపునుంచి తిప్పి గుండెల దగ్గరకు తెచ్చింది. బాగానే ఉంది. అక్క బతికున్నన్నాళ్లూ 'తిరిగి' అనే మాటను చేత్తో అలాగే అంది.

రైల్వేస్టేషన్లో చెవులు వినబడనివాళ్లకు తెరమీద ఒక బొమ్మమనిషి సైగలతో ప్రకటనలు చెప్పబోతోంది. బండి ఆలస్యం, ప్లాట్‌ఫారం మారింది, తిరిగి ఇదే దారిలో వస్తుంది. ఆ బొమ్మ మణికట్లు ఆవిడ బాధ్యత. ఆ రోజు పరీక్ష. నెగ్గితే మర్నాడే స్టేషన్లో పెడతారు. మిగతా సైగలన్నీ వీడియోలు చూసి చేసింది. 'తిరిగి' ఒక్కదానికే ఏదీ చూడలేదు. ఇంట్లో మాటకు నిఘంటువు ఎవరు తిరగేస్తారు? అక్క పుట్టుచెవిటిది. అక్క పోయాక ఇంట్లో ఈ చేతులకు వంట, తాళం తప్ప వేరే పని లేకుండా పోయింది. అక్క చెయ్యి ఇంకెక్కడైనా కదలాలంటే అది ఆ తెరమీదే.

బొమ్మ చేతిని తిప్పే లెక్క నూటఎనభై ఏళ్ల నాటిది. ఒక గణితవేత్తకు భార్యతో కాలువ గట్టున నడుస్తూండగా తట్టిందట. ఆగలేక వంతెన రాతిమీద చాకుతో చెక్కాడట. ఒక్కో మలుపుకు నాలుగేసి అంకెలు. మూడు నాలుగులన్నా నాలుగు మూళ్లన్నా ఒకటే అని బళ్లో నేర్చుకున్న నమ్మకాన్ని అది పక్కన పెట్టింది. అందులో ఏది ముందు తిప్పితే దాన్నిబట్టి జవాబు మారుతుంది. ఆయన పోయాక చాలాకాలం దాన్ని అటకెక్కించారు. ఇవాళ ఉపగ్రహం పక్కకు ఒరగాలన్నా, వీడియో ఆటలో సైనికుడు మెడ తిప్పాలన్నా ఆ అంకెలే దిక్కు. ఎలక్ట్రాన్ గురించి భౌతికశాస్త్రం రాసుకునే లెక్కలదీ ఆ వంశమే. ఎలక్ట్రాన్ ఒక చుట్టు తిరిగితే మొదటికి రాదు, దాని లెక్క మైనస్‌లో పడుతుంది. రెండో చుట్టు కూడా తిరిగితేనే మొదటికి వస్తుంది.

ఆవిడకు 'మైనస్ మేడమ్' అనే పేరు తెచ్చింది ఈ మైనస్సే. ఒకే భంగిమను ఉన్న అంకెలతోనూ రాయొచ్చు, నాలుగింటికీ ప్లస్ మైనస్ గుర్తు మార్చీ రాయొచ్చు. చెయ్యి చేరే చోటు ఒకటే. వెళ్లే దారే వేరు, ఒకటి దగ్గరదారి, ఇంకోటి చుట్టుదారి. ప్రోగ్రాం ప్రతిసారీ గుర్తు సరిచూసి దగ్గరదారి పట్టిస్తుంది. 'తిరిగి' దగ్గరా అలాగే పట్టించేసరికి, ఇది అక్క దారి కాదే అని ఆవిడకు చిర్రెత్తింది. యంత్రానికేం తెలుసనుకుని, ఆ ఒక్క మాటకు సరిచూడడం ఆపేసింది.

పరీక్షించడానికి వచ్చినాయన రిటైరైన ప్రెస్సు కంపోజిటర్. ఆయనా పుట్టుచెవిటివాడే. ఆఫీసులో అందరికీ బాబాయ్‌గారు. 'తిరిగి' రాగానే పకపకా నవ్వి, చేతులతో అన్నాడు:

"ఈ బొమ్మకు భుజం పట్టేసిందా? కాస్త నూనె రాయండమ్మా."

"ఈ మాట ఇలాగే కదా బాబాయ్‌గారూ?" ఆవిడా చేతులతోనే అడిగింది.

"ఇలా అంటే 'పో, ఇటు రాకు' అని. బండి తిరిగొస్తుందని చెప్పవే అంటే జనాన్ని మెడపట్టి గెంటుతోంది. ఎవరు నేర్పారు?"

"మా అక్క."

"ఏదీ, అక్కలా చెయ్యి."

చేసి చూపించింది. ఆయన ఎడమచేత్తో తన కుడి మణికట్టును కదలకుండా బిగించి, అదే మాట అనబోయాడు. మోచెయ్యి దానంతటదే లేచింది. పట్టు వదిలి అడిగాడు:

"మీ అక్కకు చెయ్యి విరిగిందా ఎప్పుడైనా?"

విరిగింది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే కట్టు కట్టినవాడు వంకరగా అతికించాడు. ఆ మణికట్టు తిరిగేది కాదని చెల్లెలికి తెలుసు. ఆ మాట భాషది కాదనీ విరిగిన ఎముకదనీ మాత్రం ఇప్పుడే తెలిసింది.

"నీదీ అదే యాసమ్మా," అన్నాడాయన. "మొదటిరోజే పట్టుకున్నాను. ఏ ఊరిదో తేలక ఊరుకున్నా."

"అక్కా నేనూ ఇలాగే మాట్లాడేవాళ్లం. ఉంచేస్తే ఏమవుతుంది?"

"మీ ఇంట్లో ముద్దుగానే ఉంటుంది. స్టేషన్లో పరిగెత్తేవాడికి బండి తప్పిపోతుంది."

సైగలు తెలియక ఇంతసేపూ మొహాలు చూస్తూ నిలబడ్డ ఆఫీసు చీఫ్‌కు ఓపిక నశించింది. "ఏమంటున్నారు మేడమ్? రేపు పెట్టొచ్చా, వాయిదా వెయ్యమంటారా?"

"వాయిదా ఎందుకండీ? ఒక్క మైనస్సేగా," అని ఆవిడ కుర్చీ లాక్కుంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్తూ స్టేషన్లో దిగి తెర ముందు ఆగింది. ఏదో బండి దారిలో ఆగిపోయింది, తిరిగి బయల్దేరుతుందట. బొమ్మ మోచెయ్యి లేవలేదు. అరచెయ్యి లోపలివైపునుంచి తిరిగి గుండెల దగ్గరకు వచ్చింది. సంచీ భుజాన వేసుకున్న ఒకతను తెర చూసి, బెంచీ మీద తిరిగి కూర్చున్నాడు. అతనికి అర్థమైంది.

అక్క చెయ్యి తిరిగే దారి రెండువందల పది డిగ్రీలు. ఇది నూటయాభై.