పిల్లికళ్ళు

భవానీపురంలో చేపల గంప దిగిందంటే ఆ వాసనకి సందులోని పిల్లులన్నీ పోగవుతాయి. మొన్న వాటిలో ఒక బూడిదరంగు పిల్లికూన తేనెరంగు కళ్ళతో నన్నే చూస్తూ నిలబడింది. సుగుణమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడతోపాటు, ఇన్నేళ్ళయినా చల్లారని నా కోపమూ గుర్తొచ్చింది.

పంతొమ్మిదివందల డెబ్బైలలో ఆవిడ మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. మా చర్చి సంఘంలోనే విశ్వాసి. శనివారాలు వీధి వీధీ తిరిగి పిల్లుల రంగులు లెక్కపెట్టేవారు. పక్కపక్క ఊళ్ళలో ఒక చోట ఒక రంగు ఎక్కువగా, ఇంకో చోట తక్కువగా ఎందుకుంటుందో తెలుసుకోవాలని ఆవిడ తపన. నేను వెంట వెళ్ళేదాన్ని. కొండపల్లిలో బొమ్మలు చెక్కే ఇంటావిడ ఒకసారి నవ్వేసింది. "జనాభా లెక్కలా అమ్మా? మా పిల్లికి రేషన్ కార్డు కూడా ఇప్పించండి, దానికి పాలు పొయ్యలేక చస్తున్నాం!"

కొండపల్లిలో బూడిదరంగువి చాలా కనబడేవి. మా భవానీపురంలో దాదాపు అన్నీ నల్లవీ, చారలవీ. అయినా ఎప్పుడో ఒకసారి ఇక్కడి నల్లపిల్లికీ బూడిద కూన పుట్టేది. "ఆ రంగు ఇక్కడా ఉందమ్మాయ్, నల్లవాటిలో దాక్కుని. తల్లిలో దాగిందీ తండ్రిలో దాగిందీ కలిసిన రోజు బయటపడుతుంది" అనేవారు.

ఆ రోజుల్లోనే మా అక్కకి పాప పుట్టింది. అక్కవీ బావవీ నల్లటి కళ్ళు. పాపవి లేత తేనెరంగు, మావాళ్ళు పిల్లికళ్ళంటారే, అవి. ఆరాధన అయ్యాక గుడిమెట్ల మీద సంఘపెద్ద అందరూ వినేలా అడిగాడు: "ఈ కళ్ళు ఎవరివమ్మా?" నిజం తేలేదాకా అక్కని బల్లకు రావద్దన్నారు. బల్లంటే మాకు ప్రభువు భోజనం, అందరం రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం. దాని నుంచి ఆపడమంటే పాపి అని ముద్ర వెయ్యడమే. బావ అక్కని మా ఇంట్లో దించి, "పెద్దలు బల్లకు రానిస్తే అప్పుడు తీసుకెళ్తా" అని చక్కా పోయాడు. సాక్షుల్లేనిదే ఎవరిమీదా నేరం మోపకూడదని మాకు నేర్పిన నోళ్ళే అవి! చంటిదాని కళ్ళు చూసి తల్లికి శిక్ష వేశాయి.

సుగుణమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని పెద్దల ముందుకు వెళ్ళారు. "మనిషి కంటిరంగు పిల్లి బొచ్చంత తేలిక కాదండీ. కానీ అమ్మానాన్నల్లో కనబడనిది బిడ్డలో కనబడొచ్చు. బైబిల్లో సాదా మేకలకి మచ్చల పిల్లలు పుట్టిన కథ మీరే కదండీ మాకు చెప్పారు?"

సంఘపెద్ద నవ్వాడు. "పిల్లుల్ని చూసి మనుషులకి తీర్పు చెప్తారా లెక్చరర్ గారూ?"

"తీర్పు నేను చెప్పలేదండీ. మీరు చెప్పారు."

తర్వాత బల్లకు పిలిచినప్పుడు ఆవిడ లేచి వెనక్కి నడిచారు. చివరి బెంచీ మీద అక్క పక్కన కూర్చుని పాపను ఒళ్ళోకి తీసుకున్నారు. పిలిచిన ప్రతిసారీ అంతే. మెల్లగా ఇంకొందరు ఆడవాళ్ళూ వెనక్కి రావడం మొదలుపెట్టారు. బల్ల చుట్టూ మగవాళ్ళు మాత్రమే మిగిలిన ఆదివారం సంఘపెద్ద లేచి ప్రకటించాడు: "ఈ సహోదరిని సంఘం క్షమించింది."

"ఏం చేసిందని?" అన్నారు సుగుణమ్మ గారు, పాపను దించకుండానే.

సంఘపెద్ద తర్వాతి పాట నంబరు చెప్పాడు. బావ వచ్చి అక్కని తీసుకెళ్ళాడు. అతనూ క్షమాపణ అడగలేదు, సంఘమూ అడగలేదు. సుగుణమ్మ గారి సమాధి మీద పూలు పెట్టిన రోజు కూడా ఆ ప్రశ్న అలాగే ఉంది.

నేను ప్రభువును విడిచిపెట్టలేదు. ఆ బల్ల ఆయనది, పెద్దలది కాదు. ఇప్పటికీ పాస్టరు గారు బల్లకు పిలవగానే ముందు వెనక బెంచీ వైపు చూస్తాను. అక్కడ ఎవరైనా తల వంచుకుని కూర్చుని ఉంటే, అటే నడుస్తాను.