గేర్‌బాక్సులో ఎర్ర నూనె

మా ఆయన పోయిన ఐదో నెలలో కారు మూలుగుతోందని గమనించాను. అంతకుముందే మొదలై ఉండొచ్చు, నేను వినలేదు. ఆ నెలల్లో నేను చాలా వినలేదు. బడిలో పిల్లలు ఎక్కం తప్పు చెప్పినా సరే అని ముందుకు పోయేదాన్ని. పరామర్శకు వచ్చినవాళ్లు గుండె రాయి చేసుకుందన్నారు. నేనేమీ చేసుకోలేదు, అదే అట్లా అయింది. ఏడుపు రాలేదంతే.

మా ఇల్లు వికారాబాద్‌లో. నా ఉద్యోగం యాలాల్ దగ్గర ఒక ఊళ్లో, ప్రాథమిక పాఠశాలలో. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. తొడ దాకా ఇనుప పట్టీల క్యాలిపర్ కట్టుకుంటేనే నిలబడతాను. కార్లో క్లచ్ తొక్కాల్సింది ఆ కాలే. అందుకని మా ఆయన ఎక్కడెక్కడో తిరిగి క్లచ్ లేని ఆటోమేటిక్ కారు, పాతది, వెతికి తెచ్చాడు. "దీనికి ఒక్క కాలు చాలు. రెండోది దండగ" అన్నాడు తెచ్చిన రోజు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు నడపడం మొదలుపెట్టాను. అప్పటినుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బడికి పోయి వస్తున్నాను. జీవితంలో నాకు దొరికిన పెద్ద సుఖం అదే, దాచడమెందుకు.

మా మరిదిది పూడూరు. మంచివాడే. పదో రోజు నుంచీ ఒకటే పాట. "గా పాత బండి ఎందుకు వదినె? అమ్మేద్దాం. లాంగ్ లీవ్ పెట్టి మా ఇంట్ల ఉండు." కారు పోతే జరిగేది అదేనని నాకు తెలుసు. లీవు, ఆ తర్వాత రాజీనామా, ఆ తర్వాత వాళ్లింట్లో ఓ మూల కుర్చీ. తెలిసినా భయం వేయలేదు. భయం కూడా ఎక్కడో తప్పిపోయింది.

అయినా మూలుగు సంగతి చూడాలి కదా. వికారాబాద్‌లో ఒక మెకానిక్ వీల్ బేరింగ్ అన్నాడు. ముందువి రెండూ మార్చాడు, మూలుగు అట్లాగే ఉంది. ఇంకొకతను టైర్లన్నాడు, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేశాడు. గేర్‌బాక్సేమో అనగానే ఇద్దరూ చేతులెత్తేశారు. టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది, పాఠాల నోట్సు పుస్తకంలో వెనక పేజీ తీసి రాయడం మొదలుపెట్టాను. నిలబెట్టి ఇంజన్ రేజ్ చేస్తే లేదు. చదును రోడ్డు మీద సన్నగా ఉంది. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు చెవులు హోరెత్తేంత. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీస్తే తగ్గుతుంది.

ఆ పుస్తకం పట్టుకుని ఒక శనివారం మధ్యాహ్నం తాండూరు చివర, బండల లారీలు ఆగే చోట ఉన్న షెడ్డుకు పోయాను. అక్కడి మెకానిక్ గల్ఫ్‌లో పదేళ్లు గ్యారేజీలో పనిచేసి వచ్చినవాడు. అక్కడ ఆయన క్లచ్ ఉన్న కారును చూసిందే తక్కువట. మరిది కూడా వచ్చాడు, బండికి ఏం ధర పలుకుతుందో కనుక్కుందామని. నేను రాసుకున్నది చదివి వినిపించాను.

"సగం రోగం నువ్వే పట్టినవు టీచరమ్మ" అన్నాడు మెకానిక్. "బేరింగయితే కాలు తీసినా మొత్తుకుంటది. గిది తగ్గుతున్నది. పరేషానంత గేర్‌బాక్సుల ఉన్నది."

కారును జాకీల మీద లేపి, చక్రాలు గాల్లో తిరుగుతుంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను గేర్‌బాక్సుకు ఆనించి పిడిని చెవికి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత ఇంజన్ ఆపి, కిందికి దూరి బోల్టు విప్పాడు. ట్రేలోకి నూనె పడింది. ఎర్రగా, అడుగున నల్లగా, మాడిన వాసనతో. వేళ్ల మధ్య రుద్ది చూశాడు. వెండిపొడి లాంటిది వేలికి అంటింది.

"గిది ఎర్ర నూనె. లారీల స్టీరింగుల పోసేది" అన్నాడు. "గీ డబ్బాల అన్ని కార్ల లెక్క పండ్లున్న గేరు చక్రాలు ఉండయి. రెండు కప్పీల నడుమ ఇనుప పట్టా తిరుగుతది. దీని నూనె వేరే. గీ ఎర్రది పోస్తే పట్టా జారుతది, అరుగుతది, గట్ల మూలుగుతది. ఎవరు పోసిన్రు ఇది?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. పోవడానికి నెల రోజుల ముందు, ఒక ఆదివారం, మా ఆయన లుంగీ ఎగగట్టి కారు కింద పడుకున్నాడు. పాతికేళ్లు బండల లారీ తోలినవాడు. వాళ్ల లారీల్లో సీటు వెనక ఎప్పుడూ ఒక డబ్బా ఎర్ర నూనె ఉంటుంది. స్టీరింగ్ బరువైతే అదే, తొట్టి లేపే లిఫ్టు మొరాయిస్తే అదే. ఆ నూనెతో కానిది లేదని వాళ్ల నమ్మకం. "గేర్ నూనె మార్చిన, ఇగ ఫికర్ లేదు" అని చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. నేను టీ ఇచ్చాను.

"నేనే పోసిన" అన్నాను మెకానిక్‌తో.

అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో ఆ అబద్ధం. చచ్చిపోయిన మనిషిని ముక్కూమొహం తెలియని షెడ్డులో తిట్లు తిననివ్వడం ఇష్టంలేకపోయింది. తిట్లేవో నేనే తిన్నాను. "డాష్‌బోర్డుల కారు బుక్కున్నది గద. సదువుకున్న మనిషివి, తెరిచి చూడొద్దా?" అన్నాడాయన. మరిది అందుకున్నాడు. "గందుకే చెప్తున్న వదినె. బండి సంబాళించుడు నీతోటి కాదు." నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

తాండూరు దుకాణాల్లో అన్ని ఆటోమేటిక్ కార్లకూ సరిపోతుందని రాసిన డబ్బాలు దొరుకుతున్నాయి. మరిది ఒకటి తెచ్చి చూపించాడు. మెకానిక్ ముట్టుకోలేదు. "అన్నిటికి అంటేనే నాకు భయం. బుక్కుల ఏది రాసి ఉంటే గదే పోస్త." ఆ నూనె హైదరాబాద్ నుంచి రావడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆలోపు బడి ఉన్న రోజుల్లో రైలెక్కాను. పెట్టె మెట్టు ప్లాట్‌ఫాం కంటే ఎత్తు. పైనుంచి ఎవరో చెయ్యి పట్టి లాగేవారు, కిందనుంచి ఎవరో నడుం పట్టి తోసేవారు, బస్తా ఎక్కించినట్టు. అందరికీ థాంక్స్ చెప్పాను. రెండో రోజు స్నానం చేస్తూ చూసుకుంటే మోచెయ్యి నల్లగా కమిలి ఉంది. ఎప్పుడు తగిలిందో తెలియలేదు.

బుధవారం నూనె వచ్చింది. లోపల మిగిలిన ఎర్రది పోయేందుకు మెకానిక్ ఒకసారి పోసి, కాసేపు నడిపించి, తీసేసి, మళ్లీ కొత్తది పోశాడు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోమని తాను పక్కన కూర్చున్నాడు. మరిది వెనక కూర్చున్నాడు. యాలాల్ రోడ్డులో కొంతదూరం పోయి వచ్చాం. మూలుగు సగానికి తగ్గింది. మిగతా సగం ఉంది.

"పూరా పోదు" అన్నాడు మెకానిక్ ఇంజన్ ఆపి, తాళం చెవి తీసుకుంటూ. "పట్టా అరిగింది. ఘాట్ మీద ఉరికియ్యకు. రెండేండ్లు నడుస్తదో, రెండు నెలలు నడుస్తదో, పైవానికే ఎరుక."

"ఇన్నవా వదినె" అన్నాడు మరిది. "నడుస్తున్నప్పుడే అమ్మాలె. మా ఊళ్ల ఒకాయన అడుగుతున్నడు. భాయ్, తాళమియ్యి, నేను తోల్కపోత."

మెకానిక్ తాళం ఇవ్వలేదు. నా క్యాలిపర్ వైపు ఒకసారి చూసి, మరిదిని అడిగాడు. "తమ్మీ, నువ్వు ఎప్పుడన్న కారు కిందికి దూరి నూనె మార్చినవా?"

"నాకేం ఎరుక గవన్ని."

"టీచరమ్మ మార్చింది. తప్పు నూనెనే పోసింది గాని, కిందికి దూరి మార్చింది. గంత పని చేసినామెకు బండి సంబాళించుడు రాదంటవా?" తాళం నా అరచేతిలో పెట్టి, నవ్వకుండా షెడ్డులోకి పోయాడు.

ఈ కాలుతో నేను కారు కిందికి దూరడం అయ్యే పని కాదని ఆయనకు మొదటి రోజే తెలుసు. నా అబద్ధాన్ని దాచుకుని, సమయం చూసి నాకే తిరిగి ఇచ్చాడు.

నేనే నడిపాను. మరిది పక్కన ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఊరు దాటాక నాకు కోపం వచ్చింది. మరిది మీద కాదు. ఐదు నెలల్లో మొదటిసారి నాకు ఏదో వచ్చింది, అది కోపం. రోడ్డు వైపు చూస్తూ గట్టిగానే తిట్టడం మొదలుపెట్టాను. "గిది నీ లారీ అనుకున్నవా? బుక్కు కండ్ల ముందట్నే ఉండె. ఒక్క మాట అడిగితే నేను సదివి చెప్పకపోదునా? నూనె పోసి నీ దారిన నువ్వు పోతివి. రైలెక్కింది నేను."

మరిది ముందు తననే అనుకుని ఉలిక్కిపడ్డాడు. కొంతసేపటికి మెల్లగా అడిగాడు. "అన్ననా పోసింది?"

"ఇంకెవరు?"

"అన్నకు లారీ తప్ప ఇంకోటి తెల్వదు వదినె" అన్నాడు. ఆయన బతికే ఉన్నట్టు అన్నాడు ఆ మాట.

నాకు రోడ్డు కనబడలేదు. బండి పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టి నోరు తెరిచి ఏడ్చాను. మరిది దిగి, అటు తిరిగి నిలబడ్డాడు. ఎంతసేపైందో తెలియదు. తిరిగి వచ్చి తన సీట్లోనే కూర్చుని, "పోదామా వదినె" అన్నాడు. "నేను తోల్త" అనలేదు.