మట్టి కప్పకు తొలి బిందె

మా ముత్తాత జమ్మలమడుగు ప్రాంతంలో మూడు ఊళ్లకు మునసబు. మునసబుగిరీలు రద్దయ్యాక కూడా మా ఇంటికి ఒక మర్యాద మిగిలింది. వానలు ముఖం చాటేసిన ఏడాది పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఊరేగించేవారు. ఆ కప్పతల్లి ముందుగా మా గడప దగ్గరే ఆగేది. మా జేజి, అంటే నాయనమ్మ, రాగి గంగాళంలోంచి తొలి బిందె ముంచి పోసేది. మిగతా ఇళ్ల నీళ్లు ఆ తర్వాతే.

నేను అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. పులివెందుల, ప్రొద్దుటూరు అయ్యాక, రిజర్వాయరు కింద మునిగిన ఊళ్ల వాళ్లు పునరావాస కాలనీలకు చేరిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను కొండాపురం సెక్టారుకు వేశారు. సెక్టారంటే పాతిక దాకా సెంటర్లు. ఒక్కోదానికి ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు.

ఒక కాలనీలో సెంటరుకు పిల్లలు సరిగా వచ్చేవారు కాదు. హాజరు పెరగకపోతే దాన్ని హైవే అవతలి సెంటరులో కలిపేస్తామని పైనుంచి చెప్పారు. టీచరు ఓబులమ్మ కూడా ఆ కాలనీ వాళ్లతో పాటు ముంపు ఊరి నుంచి వచ్చిన మనిషే. “అంత రోడ్డు దాటించి ఎవురు పంపిస్తారు మేడమ్? ఈ పిల్లోళ్లు ఇంక ఇండ్లల్లోనే” అంది.

ప్రీస్కూలు పాఠాలకు నెలకొక అంశం ఉంటుంది. ఆ నెల అంశం నీటి జీవులు. కప్ప ఆటలు మొదలుపెట్టించాను. నేల మీద సుద్దతో పెద్ద సున్న గీస్తే అది చెరువు. టీచరు “చెరువు” అంటే లోపలికి గెంతాలి, “గట్టు” అంటే బయటికి. కాళ్లకు బలం వస్తుంది, మాట విని నడుచుకోవడం అలవడుతుంది. చింతగింజలను కప్పపిల్లలుగా పెట్టి లెక్కలు నేర్పాం. పక్క వరస పిల్లలు కూడా రావడం మొదలైంది. “కప్పలు శానా అయినాయి మేడమ్, గుడ్లు చాలేట్టు లేవు” అని ఆయా నవ్వింది.

నెలాఖరుకు తల్లులను కలుపుకుని కప్పతల్లిని ఊరేగించాలనుకున్నాం. బతికిన కప్పను కట్టవద్దన్నాను. పిల్లలే పచ్చి మట్టితో ఒక కప్పను చేసి రోకలి మీద కూర్చోబెట్టారు. కాలనీ ఇళ్లు లాటరీలో పంచినవి కాబట్టి ఓబులమ్మ నంబరు వరసలో మొదటి ఇంటి నుంచి బయలుదేరింది.

ఆ ఇంటి కోడలు చెంబు ఎత్తేలోపు మూడో వరస నుంచి నాగమ్మవ్వ నిండు బిందెతో వచ్చింది. పాత ఊళ్లో తొలి నీళ్లు వాళ్ల ఇంటివి.

“మా గడప కాడ ఆగకుండా కప్పతల్లి యాడికి పోతాది?”

“నీ గడప మీద ఇప్పుడు చేపలు తిరుగుతాండాయి పో అవ్వా. ఈడ అందరివీ లాటరీ గడపలే” అంది కోడలు.

“చేపలు తిరిగినా అది మా గడపే!”

అవ్వ బిందెడు నీళ్లూ ఒక్కసారిగా కుమ్మరించింది. పచ్చి మట్టి కదా, కప్ప కాళ్లు ఊడి, తల జారి, వేపమండల మీదుగా బురదై కారిపోయింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. తల్లులు చేతులు పట్టుకుని ఎవరి పిల్లలను వాళ్లు లాక్కుపోయారు.

మర్నాడు మూడో వరస పిల్లలు రాలేదు. తగువు ముదిరి, వారం తిరగకముందే తక్కిన వరసలూ మానేశాయి. ఓబులమ్మతో కలిసి ఇల్లిల్లూ తిరిగాను. నాగమ్మవ్వ మంచం వాల్చి కూర్చోమంది. “నువ్వు పెద్దింటి బిడ్డవే గదమ్మా, నీకు తెల్దా?” అని మాత్రం అంది. నాకు తెలుసు. కానీ గడపల వరసను బట్టి నడవడం సర్కారు పని కాదు. అదే చెప్పి లేచాను.

సెంటరును కలిపేశారు. ఓబులమ్మను హైవే అవతలికి వేశారు. కాలనీ పిల్లలెవరూ ఆమె వెంట పోలేదు.

సెంటరు గోడల మధ్య ఉన్నంతవరకే ఆట పిల్లలది. వీధిలోకి తెస్తే పెద్దల పాత తగువులు దాని మీద పడతాయి. ఆ తర్వాత నా సెక్టారులో కప్పతల్లి సెంటరు వాకిలి దాటలేదు. నీళ్లు పిల్లలే పోసేవారు.

మా గంగాళాన్ని అప్పటికే ప్రొద్దుటూరులో తూకానికి అమ్మేశాం. మా ఇంటి గడప మంచి టేకుది. ద్వారబంధంతో సహా దాన్ని జమ్మలమడుగు వడ్రంగి ఒకాయన కొనుక్కుపోయాడు.