గట్టు తాడుకు వేసిన పోగు ముడి

1957లో నేను బొంబాయిలో ఒక ఇంగ్లీషు దొర షికారు పడవలో ఖలాసీగా చేరాను. దొర స్వదేశానికి వెళ్తూ పడవను కూడా తీసుకుపోతున్నాడు. కెప్టెన్ కింద సరంగు, సరంగు కింద నలుగురు ఖలాసీలం. అందులో ఇద్దరం సోలాపూర్‌లో తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట్ వాళ్లం: నేను, మా అక్కను చేసుకున్న మేనబావ నర్సయ్య. మగ్గం మీద నుంచి నన్ను లేపి ఈ పనిలో పెట్టించింది అతనే. మాల్టా దీవి రేవులో నర్సయ్య వేసిన ముడి జారిందని మా పేటలో పాతికేళ్లుగా అనుకుంటున్నారు. ఆ మాట పుట్టించింది నేను. అది నిజం కాదు.

ఆ రేవు చాలా పాతది. చుట్టూ కోటగోడలు. అక్కడ షికారు పడవను గట్టుకు పక్కవాటుగా ఆనించరు. ముందువైపు లంగరు వేసి, వెనక్కి నడిపి, వెనుక భాగాన్ని రెండు తాళ్లతో గట్టు మీది ఇనుప కడియాలకు కడతారు. ఆ రోజు పక్కగాలి బలంగా ఉంది. పడవ గోడ మీదికి వాలుతోంది. నా చేతిలోని తాడు కడియం దాకా అందలేదు. ముందు లంగరు దగ్గరున్న సరంగు ఇంకో తాడు కలపమని అరిచాడు. వెనుక ఉన్న మా ఇద్దరిలో ఆ తాడు ఎవరి చేతిలో ఉందో అతనికి కనిపించదు.

తాళ్లు కలపడానికి సరంగు మాకు ఒక పద్ధతి నేర్పాడు. రెండిటికీ జారని ఉచ్చులు వేసి, ఒకదానిలో ఒకటి దూర్చాలి. దానికి సమయం పడుతుంది. గోడ దగ్గరవుతోంది. "ఏం సోలాపూర్‌వాలా, చద్దర్ నేస్తున్నవా?" అని అక్కడి నుంచే అరిచాడు సరంగు. నా వేళ్లు వాటంతటవే తెగిన పోగును అతికే ముడి వేసేశాయి. మా పేటలో కళ్లు మూసుకుని వేసే ముడి అది.

తాడు బిగువుగా ఉన్నంతసేపు నిలిచింది. కాసేపటికి ఒక స్టీమరు దగ్గరగా పోయింది. దాని అలలకు తాడు వదులై, గుంజుకుని, మళ్లీ వదులైంది. ముడి జారిపోయింది. పడవ గోడకు కొట్టుకోకుండా నర్సయ్య మధ్యలో తాళ్లతో అల్లిన దిండు అడ్డం పెట్టాడు. కుడిచేతి రెండు వేళ్లు రాతికీ చెక్కకూ మధ్య నలిగిపోయాయి.

అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయాక సరంగు తాడు కొసను చూశాడు. ముడి మడత ఇంకా దానికి అంటుకుని ఉంది. "ఇది మీ మగ్గపోళ్ల ముడి. ఇద్దర్ల ఎవనిది?" అన్నాడు. కెప్టెన్ పక్కనే ఉన్నాడు. ఎరగని దీవిలో నన్ను దించేస్తారన్న భయం తప్ప ఇంకేమీ తోచలేదు. "నర్సయ్యది" అన్నాను.

అతని పనిబుక్కులో అజాగ్రత్త అని రాసి, తర్వాతి ఓడలో ఇంటికి పంపారు. నేను మిగిలాను. తర్వాత సరంగునయ్యాను కూడా. రెండు వేళ్లు లేకపోతే పోగు అతకడం కుదరదు. నర్సయ్య మగ్గం మాని, రాట్నం మీద కండెలకు నూలు చుట్టాడు. ఇంట్లో అక్క బీడీలు చేసింది. సెలవులకు వచ్చినప్పుడల్లా నాకు ఒకటే బెదురు, ఈసారైనా బయటపెడతాడేమోనని. చాయ్ హోటల్లో ఎవరో ఒకరు "నర్సన్నా, ధోతి ముడన్న గట్టిగున్నదా?" అనేవారు. అతను నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని.

పోయిన ఏడు పని విరమించాను. మొన్న వెళ్లి నర్సయ్యకు చెప్పాను. అతను రాట్నం ఆపలేదు.

"ముడి ఎయ్యనోనికి ఎయ్యలేదని తెల్వదా, రాజయ్యా?"

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నిన్ను గూడ పంపుతుండ్రి. ఇంట్ల ఒక్కడన్న సంపాయించాలె గద. తర్వాత, నువ్వే చెప్తవని చూసిన." కండె తీసి పక్కన పెట్టాడు. "నాకు చెప్పుడేంది? పోయి చాయ్ హోటల్ల చెప్పు."

హోటల్లో చెప్పాను. ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు తెలుసుకోవలసింది ఇంతే: పోగు ముడి బిగువున్నంతసేపే నిలుస్తుంది. రేవులో తాడు వదులవుతుంది. అక్కడ ఉచ్చులో ఉచ్చు తప్ప వేరే ముడి వేయకూడదు. ఆ రోజు వేసింది నేను.