దేవప్ప గురి తప్పిన బంతి

తాండూరు నాపబండల గనిలో పనిచేసే దేవప్ప అంత పొడుగరి ఆ చుట్టుపక్కల లేడు. ఆ పొడుగుతో తనకు ఒరిగిందల్లా ప్రతి గుమ్మానికీ నుదురు కొట్టుకోవడమేనని అతనే చెప్పుకుని నవ్వేవాడు. పంతొమ్మిది వందల అరవై రెండులో డ్రిల్లు మాస్టారు అనంతయ్య గని కుర్రాళ్లతో బాస్కెట్‌బాల్ జట్టు కట్టినప్పుడు మొదట పిలిచింది అతన్నే. ఆట చూసి కాదు, తల చూసి పిలిచాడని దేవప్పకు తెలుసు.

సాధనలో అతను విసిరిన బంతి రింగుకు తప్ప అన్నిటికీ తగిలేది. ఒకసారి మైదానం పక్కింటి మొగులమ్మ ఆరబోసుకున్న జొన్నల్లో పడింది. బంతి ఇవ్వకుండా, ఈ ఆట మీకెందుకని ఆమె నిలదీసింది. ఊరంతా అడుగుతున్నదీ అదే.

వికారాబాద్‌లో పోటీకి రైల్లో వెళ్లారు. అవతలివాళ్లకు బూట్లున్నాయి, వీళ్లవి వట్టి కాళ్లు. పొడుగున్నవాడే గెలిపించాలన్న గొప్పతో దేవప్ప అందిన బంతినల్లా విసిరాడు. ఒక్కటీ పడలేదు. జనం నవ్వుతుంటే అతనికీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. విరామంలో తనను తీసేయమని మాస్టారును బతిమాలాడు.

గొర్లకాపరి ఇంటి పిల్లవాడు, జట్టులో అందరికన్నా పొట్టి హన్మయ్య అడ్డుపడ్డాడు.

"నువ్వు చెయ్యెత్తంగనే ఇద్దరు నీ మీదికే వస్తున్రన్నా. నువ్వు ఎయ్యకు. ఎగిరి నాకియ్యి, నేనేస్త."

"నువ్వేసింది పడకుంటే?"

"మల్ల నాకే ఇయ్యి."

ఆ మాటతో దేవప్ప మనసు కుదుటపడింది. ఇక ఎగరడం, బంతి అందించడం, అదే పని. ఒకటి పడింది, తర్వాత ఇంకొకటి. అవతలివాళ్లు హన్మయ్యను చుట్టుముడితే, బంతి జట్టులోని జంగప్పకు వెళ్లింది. చూస్తుండగానే రెండు జట్లూ సమానమయ్యాయి.

ఆట ముగియబోతుండగా బంతి మళ్లీ దేవప్ప చేతికొచ్చింది. ఇతను వెయ్యడని నమ్మి అందరూ మిగతావాళ్ల మీదికి పోయారు. ఎదుట ఒక్కడూ లేడు. ఎయ్యమని హన్మయ్యే అరిచాడు. దేవప్ప విసిరాడు. బంతి రింగు అంచుకు తగిలి పక్కకు ఎగిరింది. ఆశ వదులుకోకుండా కిందే కాచుకున్న జంగప్ప, దాన్ని అందుకుని లోపల వేశాడు. ఆ వెంటనే ఆట ముగిసిన ఈల మోగింది, గెలిచారు.

స్టేషన్‌కు నడుస్తూ జట్టులో ముగ్గురు దేవప్పను భుజాలకెత్తుకోబోయారు. బరువుకు ముగ్గురూ కూలబడ్డారు. చివరికి అతనే హన్మయ్యను ఎత్తుకున్నాడు.

ఇంట్లో భార్య కొండమ్మ, ఆఖరు బంతి నువ్వే ఏసినవంట, పడ్డదా అని అడిగింది.

"పడ్డది," అన్నాడు దేవప్ప బుద్ధిగా. "జంగప్ప చేతుల."