గడియారం విప్పే మలుపు

ముందు గంట వినిపిస్తుంది. ఎలుగుబంట్లు తప్పుకోవాలని నడుముకు కట్టుకునే చిన్న ఇత్తడి గంట. తర్వాత ఉదయపు మంచులోంచి మా పొరుగింటి హిరామత్సు గారు తేలి వస్తారు. గుండెపోటు నుంచి బతికి బయటపడ్డ మనిషి. నేలను అనుమతి అడిగి అడుగు వేస్తున్నట్టుంటుంది ఆయన నడక. రోజూ నడిస్తే మూత్రపిండాలు పాడవకుండా ఉంటాయని చెప్పి, ఆసుపత్రివాళ్లు మణికట్టుకు గుండె వేగం కొలిచే గడియారం కట్టారు. ఆ వేగం పట్నంలోని వ్యాయామ శిక్షకురాలు ఓనొదెరాకు అక్కడినుంచే కనిపిస్తుంది. వారానికోసారి ఆమె ఫోన్ చేస్తుంది. డయాలిసిస్ మంచం మీద వాడిపోయిన అన్నగారి చేతిని ఆయన మరిచిపోలేదు. నడవకపోతే ఆ మంచం భయం, నడిస్తే గుండె ఆగుతుందన్న భయం.

నిన్న కొండదారి మలుపులో ఆయన కూలబడి కనిపించారు. పెదవులు పాలిపోయాయి. మణికట్టు బోసిగా ఉంది, గడియారం జేబులో ఉంది.

"ఇదేంటండీ, ఎక్కేటప్పుడేగా అది కావాల్సింది!" అన్నాను.

"గుండె పరిగెత్తితే విప్పేస్తాను. ఫోన్ చేసే ఆ అమ్మాయి చూసి కంగారుపడుతుంది."

"అంబులెన్స్‌ని పిలుస్తానుండండి."

"వద్దొద్దు! ఆ కూతకి వీధంతా నిద్ర లేస్తుంది."

అంతలో ఆయన ఫోన్ మోగింది, స్పీకర్‌లో పెట్టారు. "హిరామత్సు గారూ, రోజూ ఆ కొండ దగ్గరే మాయమవుతున్నారు. ఎలుగుబంటితో టీ తాగుతున్నారా?" ఓనొదెరా నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "మీ గుండె కనబడకపోతే ఎంత నడవమనాలో నాకెలా తెలుస్తుందండీ?"

ఆయన ఫోన్‌కే తల వంచి క్షమాపణ చెప్పుకున్నారు. నేను ఆయన జేబులోంచి గడియారం తీసి, కట్టుకోమని అందించాను. ఆయన చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లగా నాతో అన్నారు:

"కట్టుకుంటే, నా గుండె ఆగడం ఆ అమ్మాయి ఒక్కతే చూడాల్సొస్తుంది కదండీ."